ఒక బావి, రెండు కొలతలు

“మన బావిల తాడు ఏసే ధైర్యం గామెకు ఎవలిచ్చిండ్రు?”

దయాకర్ ఈ మాట అనడం పొద్దున్నుంచి ఇది మూడోసారి. మొదటిసారి పళ్లు తోముకుంటూ అన్నాడు. రెండోసారి పేపరు మడిచిపెడుతూ అన్నాడు. ఇప్పుడు చాయ్ గ్లాసు ముందు పెట్టుకుని అంటున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. మీగడ కట్టిన చాయ్ అంటే ఆయనకు సరిపడదు. అయినా గ్లాసును పక్కకు జరపలేదు.

“ధైర్యం ఒకలిచ్చేదేంది మామయ్యా?” నీరజ మెల్లగా అంది. “ఎవలన్న ఏ బావినన్న కొలవచ్చు. నిరుడు పంచాయతీ ఆఫీసుల గదే రాసుకున్నం. మీరే ముందుగాల సంతకం పెట్టిండ్రు.”

“పెట్టిన. మన ఇంట్ల కోడలు చూసుకుంటదని పెట్టిన. పత్తి ఏర వచ్చినామె పోతపోత మన బావి కొలిచి, ఊరందరు చూసేటట్టు ఫోన్ల ఎక్కిస్తదని పెట్టలే.”

మామగారి కోపంలో అరుపు ఉండదు. అదే చిక్కు. అరిచే మనిషైతే ఒక పూటకు చల్లారతాడు. దయాకర్ కోపం కుంపట్లో నిప్పులాంటిది, పైన బూడిద కప్పుకుని రెండు రోజులైనా ఉంటుంది.

నిరుడు మొదలైంది ఈ నీళ్ల లెక్క. పట్నం నుంచి వచ్చిన పరిశోధకులు పెద్ద పెద్ద యంత్రాలేమీ తేలేదు. ఒక తాడు, చివర ఇనుప గుండు, గజానికో ముడి, అంతే. “మేం కొలవం, మీరే కొలవండి. మీరు కొలిచింది ఎవరైనా చూస్తారు, ఎవరైనా అడుగుతారు” అన్నారు. గురువారం గురువారం ఎవరి బావి వాళ్లు కొలిచి ఫోనులో ఎక్కిస్తే, పటం మీద ఆ బావి చుక్కకు రంగు పడుతుంది. నీళ్లు పైకి ఉంటే నీలం. అడుగున ఉంటే ఎరుపు. ఏడాది తిరిగేసరికి ఎర్రకుంటపల్లి పటం కళ్లంలో ఆరబోసిన మిరపకాయల్లా తయారైంది.

ఆ పటాన్ని బట్టే రేపు ఊరూ తండా కలిసి కూర్చోవాలి. వాననీళ్లను ఆపి చుట్టుపక్కల బావుల్లోకి ఇంకించే ఊటకుంట ఒక్కటి కడతారట. ఒక్కటే. అది ఊరి దిక్కున రావాలా, గుట్ట మీది తండా దిక్కున రావాలా అన్నది రేపు అందరి ముందూ తేలాలి. ఎక్కడ చుక్కలు ఎర్రగా ఉంటే అక్కడికి.

సరిగ్గా ఈ గడియలోనే తండా తుల్సీబాయి దయాకర్ బావిలో తాడు వేసింది. నీరజ అత్తగారు ప్రేమలత అదే రోజు, అదే బావి కొలిచి, నీళ్లు అడుగున ఉన్నాయంది. తుల్సీబాయి తాడేమో నీళ్లు చాలా పైన ఉన్నాయంది. ఒకే బావికి ఒకే రోజు రెండు కొలతలు! ఎరుపూ కాకుండా నీలమూ కాకుండా ఆ చుక్క పటం మధ్యలో పసుపు రంగులో వెలుగుతూ కూర్చుంది.

“నిన్ననే తీసేసిన గద మామయ్యా” అంది నీరజ.

తీసేసింది. ఊరి లెక్క చూసేది తనే కాబట్టి తీసే తాళం తన చేతిలోనే ఉంది. ముందు కొలతలు పెట్టేవాళ్ల ఫోను గ్రూపులో రాసింది, “తుల్సీ, నువ్వు తాడు సరిగ ఏయలేదేమో, తీసెయ్” అని. తుల్సీబాయి తీయలేదు. నీరజే తీసేసింది. ఆ తర్వాత తుల్సీబాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఏడాదిగా ఒక్క వారం తప్పకుండా తండా బావి కొలిచిన మనిషి.

“ఒక్కపారి నువ్వే పోయి కొలిచి రారాదు?” మోటారు బండి తాళం వేలికి తిప్పుకుంటూ అన్నాడు నీరజ భర్త యుగేందర్. మానుకోటలో అతనికి పైపుల దుకాణం. ఇంట్లో మాట పెరిగే వేళకు దుకాణం తెరిచే వేళ కావడం అతని అదృష్టం. “గంతే గద. పంచాయితీ ఎందుకు?”

“ఎందుకు కొలవాలె?” అన్నాడు దయాకర్. “మీ అమ్మ మీద నమ్మకం లేదా నీకు?”

వంటింట్లో ప్రేమలత చింతపండు పిసుకుతోంది. పులుసు ఎప్పుడో దిగింది, చేతిలో పిప్పి తప్ప ఏమీ మిగల్లేదు, అయినా పిసుకుతూనే ఉంది. ఏ మాటకైనా ఎదురుమాట సిద్ధంగా ఉండే మనిషి ఇవాళ పొద్దున్నుంచి నోరు విప్పకపోవడం నీరజ అప్పుడు గమనించింది.

*

పది గంటలకు సౌందర్య ఫోను చేసింది. భూపాలపల్లి పిల్ల. పరిశోధన తరఫున మూడు జిల్లాల ఊళ్ల లెక్కలూ చూసేది ఆమే.

“నీరజక్కా, తుల్సీబాయి కొలత ఎటు పోయింది?”

“అది తప్పు పడ్డది సౌందర్యా. నేనే...”

“తీసేసినవ్. కనబడ్తున్నదక్కా. తీసేసిందీ కనబడ్తది, ఎవరు తీసేసిన్రో గూడ కనబడ్తది. అందరికి.”

నీరజ ఫోనును ఇంకో చెవికి మార్చుకుంది.

“నేను నీకు చెప్పేంత దాన్ని కాదక్కా” అంది సౌందర్య. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. “కొలత మీద అనుమానమొస్తె అడగాలె, వాదియ్యాలె, మళ్ల కొలవాలె. తీసెయ్యొద్దు. గీ పని మొత్తం గా ఒక్క మాట మీదనే నిలవడ్డది. ఇయ్యాల మీ అత్తమ్మ కోసం ఒకటి తీసేస్తే, రేపు ఇంకొకలు వాళ్ల మామ కోసం ఇంకొకటి తీస్తరు.”

“తప్పే సౌందర్యా.”

“ఇంకొకటి చెప్పనా? మీ ఊరి లెక్క నాకు అంతు పడ్తలేదు. గీసారి వానలు మంచిగ పడ్డయ్ గదా? మరి బావులన్ని ఎట్ల ఎండినయ్? మీ ఊరే కాదు, మా మహదేవపూర్ దిక్కు గోదారి ఒడ్డున్న ఊర్లల్ల గూడ బావులు అడుగంటినయనే రాస్తున్నరు. గోదారి పక్కపొంటి బావి ఎండుతదా అక్కా?”

ఫోను పెట్టేశాక నీరజ దూలానికి వేలాడుతున్న తాడు అందుకుని పొలం దారి పట్టింది.

నిజానికి ఆమె బావి దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. బావీ పొలమూ అత్తమ్మ రాజ్యం. నీరజ పని ఇంట్లో కూర్చుని ఊరందరి కొలతలూ సరిచూడటం. ఊరి బావులన్నీ ఫోనులో చూసింది గానీ, సొంత బావిలోకి ఒక్కసారి తొంగి చూడలేదు. చదువుకున్నదాని తెలివి అట్లా ఏడ్చింది!

దారిలో చంద్రయ్య మిర్చి తోట. మోటారు నడుస్తోంది. పైపులోంచి నీళ్లు తొడ లావున దూకుతున్నాయి. కాలువ పొంగి బాట మీదికొచ్చి నీరజ చెప్పులు తడిశాయి.

“నీళ్లెట్లున్నయ్ చంద్రయ్య మామా?”

“యాడి నీళ్లు బిడ్డా!” చంద్రయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “అడుగంటినయ్. పోస్తాంది, పోస్తాంది... ఇయ్యాలో రేపో బంద్ అయితది.”

చెప్తూ చెప్తూనే పొంగిన కాలువకు అడ్డంగా పారతో మట్టి వేస్తున్నాడు. ఆ మొహంలో అబద్ధం చెబుతున్న ఛాయలేమీ లేవు. రోజూ పొద్దున్నే దండం పెట్టుకున్నంత మామూలుగా చెప్పాడు ఆ మాట.

తమ బావి గట్టెక్కి లోపలికి చూసింది నీరజ. తాడు వేయాల్సిన పనే లేదు. నీళ్లలో ఆకాశం నీడ చేతికి అందేలా కనిపిస్తోంది, అంత పైకి ఉన్నాయి నీళ్లు. అయినా వేసింది. గుండు ఇట్టే నీళ్లను తాకింది. తుల్సీబాయి ఏ ముడి చెప్పిందో అదే ముడి చేతిలో ఉంది.

నీరజకు నీళ్లు చూసి సంతోషం కలగాలి. తాడు చుట్టకుండానే ఇంటి దారి పట్టింది.

*

ప్రేమలత కొట్టంలో బర్రెకు కుడితి పెడుతోంది. కోడలి చేతిలో తడి తాడు చూసింది. చూసి, మళ్లీ కుడితి గోలెంలో చెయ్యి పెట్టి కలపసాగింది.

“బావి కాడికి పోయొచ్చిన అత్తమ్మా.”

“ఊఁ.”

“నీళ్లు నిండ...”

“థూ! థూ!” ప్రేమలత పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మేసింది. “మెల్లగ మాట్లాడు! గట్ల నోటికొచ్చినట్టు అనకు. గోడలకు చెవులుంటయ్.”

నీరజ ఆ ఉమ్మిన చోటు వైపు చూస్తూ ఉండిపోయింది. పొద్దున్నుంచి చిక్కుపడ్డ దారం ఒక్క గుంజుకు విడిపోయింది.

“అంటే... ఎర్కుండే గిట్ల చెప్పిండ్రా అత్తమ్మా? ఏడాది సంది?”

“అబద్ధం చెప్పలే. తగ్గిచ్చి చెప్పిన.”

“రెండింటికి తేడా ఏంది?”

“తేడా ఏందా?” ప్రేమలత లేచి కొంగుకు చేతులు తుడుచుకుంది. “గీ బర్రె పూటకెన్ని పాలిస్తదని మొన్న పక్కింటామె అడిగితే నువ్వేం చెప్పినవ్? ‘ఏడ ఇస్తది, పిల్లకే సరిపోతలేవు’ అన్నవా లేదా? నీ బిడ్డ రిషిత కిలాసుల ఫస్టొచ్చిందని మీ అన్నకు ఫోన్ల చెప్పినవా? ‘ఏదో పాసైతాంది’ అన్నవ్. నేనిన్న. నా మనవరాలిది దాస్తె పద్ధతి, నా బావిది దాస్తె అబద్ధమా?”

నిజమే మరి, ఏ తల్లి చెబుతుంది?

“ఊరంత గిట్లనే చెప్తున్నదా?” అని మాత్రం అడిగింది నీరజ.

“చెప్పకపోతే? ఉన్నయని ఎవలు చెప్తరే పిచ్చిదానా! ఎవల కన్ను ఎట్లుంటదో. గది నీకు తెల్వదని నాకు గూడ తెల్వదు. నువ్వెర్కుండే రాస్కుంటున్నవనుకున్న.”

ఊరందరికీ తెలిసిన సంగతి లెక్క రాసుకునే మనిషికి ఒక్కదానికే తెలియదు. నీరజ పుట్టిల్లు జనగామ దిక్కు. ఆమె చిన్నప్పుడు అక్కడ బోర్లన్నీ ఎండిపోయాయి. దాచుకోవడానికి నీళ్లుంటే కదా, దాచే అలవాటు తెలిసేది!

ప్రేమలత కొట్టం గడప మీద కూర్చుంది. తనే చెప్పింది, ఎటో చూస్తూ.

“నేను కాపురానికొచ్చిన కొత్తల ఒక చుట్టపామె వచ్చింది. బావి చూపిస్త పా అని తోల్కపోయిన. ‘మా బావిల తాడక్కర్లేదు, వంగి బిందె ముంచుడే’ అన్న. చిన్నతనం. మురిసిపోయి అన్న. నెల తిరగలే, ఒడ్డు కూలింది. దున్నే కోడె అండ్ల పడి సచ్చింది. ‘నీ నోరే తిన్నది’ అన్నది మా అత్త. సచ్చే రోజు గూడ, నా చేతి నీళ్లు తాగుకుంట, గదే అన్నది.”

“ఒడ్డు వానకు నాని కూలి ఉంటది అత్తమ్మా.”

“గది నాకు తెల్వదా? తెలుసు. తెలిసినా గంతే.”

నీరజ అత్తగారి పక్కన కూర్చుంది. అప్పటిదాకా ఉన్న కోపం ఎటో పోయింది. పోయినచోట దిగులు మిగిలింది.

“అత్తమ్మా, మన బావులు ఎండినయని మనమన్నం. తండా బావి నిజంగనే ఎండింది. రేపు పటం చూసి ఊటకుంట మన దిక్కే ఇస్తరు. ఊటకుంట రాకపోతే ఎడ్లనమ్మి పట్నం పోయి మట్టిపని చేసుకుంటమని తుల్సీబాయి పెనిమిటి దేవ్‌సింగ్ అంటున్నడంట.”

బర్రె కుడితి తాగే చప్పుడు వినిపిస్తోంది.

“గంతదూరం నేను అనుకోలే” అంది ప్రేమలత. “మనింటి వరకే అనుకున్న.”

“అయితే ఏమైతది?”

దయాకర్ కొట్టం బయట నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

“నేనేం ఎవలకు అన్యాయం చెయ్యలే. ఎవల కొలత వాళ్లే చెప్పుకున్నరు. పటం ఎర్రగున్నది. కుంట ఊరికొస్తది. పై ఏడాది వానలు పడకపోతే అప్పుడు తెలుస్తది దాని విలువ.” ఆయన గొంతు చల్లగా, మెత్తగా ఉంది. “రేపటిదాక ఎవ్వరు నోరు తెరవొద్దు. గంతే.”

*

సాయంత్రం నీరజ తీసేసిన కొలతను మళ్లీ ఎక్కించింది. కింద ఒక మాట రాసింది: “తీసేసింది నేనే. తప్పు నాది.” రాసి, తండాకు నడిచి వెళ్లింది.

తుల్సీబాయి ఇంటి ముందు మేకలను కట్టేస్తోంది. నీరజను చూసి కుర్చీ తేలేదు, కూర్చోమనలేదు.

“ఏందక్కా, తాడు ఎట్ల ఏయాల్నో నేర్ప వచ్చినవా?”

“నువ్వు చెప్పిందే నిజం తుల్సీ. నేను చూసిన. మళ్ల పెట్టిన, చూడు.” నీరజ ఫోను చాపింది.

తుల్సీబాయి ఫోను వైపు చూడనైనా చూడలేదు.

“తీసినప్పుడు అందరు చూసిండ్రు. ‘తండా ఆమెకు తాడు ఏసుడు రాదు’ అనుకున్నరు. పెట్టినప్పుడు నేనొక్కదాన్ని చూస్తె అయిపాయెనా?”

ఆ మాట నీరజకు సూటిగా తగిలింది.

“రేపు అందరి ముందట చెప్త.”

“మీ మామ ముందట?”

ఒక మేకపిల్ల వచ్చి నీరజ చీర కుచ్చిళ్లు నములుతోంది. నీరజ దాన్ని తోయలేదు.

“ఆఁ. మామయ్య ముందటనే.”

తుల్సీబాయి అప్పుడు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నీరజ తాగి చెంబు కింద పెట్టింది. పెట్టాక అడగకుండా ఉండలేకపోయింది.

“నిజం చెప్పు తుల్సీ. మీకు దిష్టి పట్టింపు లేదా? మీ తండల ఎవ్వరు తగ్గిచ్చి చెప్పరా?”

తుల్సీబాయి మొట్టమొదటిసారి నవ్వింది. “ఎందుకు లేదక్కా! నా మేకలెన్నని అడిగి చూడు, చెప్తనా నీకు? కని బావి అందరిది గద. అందరి సొత్తుకు ఎవల దిష్టి తగుల్తది? నలుగురం పోయి తాడు ఏస్తం, నలుగురం చూస్తం. ఒకలు తగ్గిస్తే ఇంకొకలు నవ్వరా?”

గుట్ట దిగి వస్తుంటే ఆ మాటే నీరజ చెవిలో తిరిగింది. ఇంటికి చేరేసరికి రేపు ఏం చెప్పాలో తేలిపోయింది. మామయ్య మొహం తలుచుకుని మాత్రం పెరటి దారిన లోపలికి వెళ్లింది. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

*

మర్నాడు ఫోనులో పసుపు చుక్క మళ్లీ కనబడగానే దయాకర్ చాయ్ తాగకుండానే పొలం దిక్కు వెళ్లొచ్చాడు. తెల్లని అంగీ వేసుకుని అందరికంటే ముందే పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఊరొచ్చింది. తండా వచ్చింది. సౌందర్య గోడ మీద పటం వేసి చూపించింది. ఎర్రటి పటంలో పసుపు చుక్క ఒక్కటి.

“గదేంది?” అని ఎవరో అడిగారు.

నీరజ లేచింది.

“గది మా బావి. తుల్సీబాయి దాన్ని కొలిచి పెట్టింది. నేను తీసేసిన. ఎందుకు తీసేసిననంటే, మా ఇంటి మాట మీద ఇంకొకల మాట ఉండొద్దనుకున్న. కొలత ఆమెది తప్పు కాదు. బుద్ధి నాది తప్పు.”

జనంలో గుసగుస లేచింది. నీరజ మామగారి వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

“ఇంకో మాట. మన ఇండ్లల్ల పాలెన్నో చెప్పం, పంటెంతో చెప్పం. నేనూ చెప్ప. గది మన అలవాటు, దాన్ని తప్పు పడ్తలేను. గందుకే ఇయ్యాల ఎవలి బావి సంగతి వాళ్లు చెప్పొద్దు. నోరు తెరిచే పనే లేదు. ఒకరి బావి ఇంకొకరు కొలుద్దాం, అందరం ఎంబడి పోదాం. గప్పుడు దిష్టి ఎవలది? అందరు చూసిందానికి దిష్టి ఉండదు.”

చంద్రయ్య తల గోక్కున్నాడు. “అంటే నా నోటితోని నేను ఉన్నయని అననక్కర్లేదు. గంతేనా బిడ్డా?”

“గంతే మామా.”

“గట్లయితే నాకేం పర్వలే” అన్నాడు చంద్రయ్య. వెనకనుంచి ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే ఇంకొకరు నవ్వారు. ఏడాదిగా ఎవరి గుట్టు వాళ్లు దాచుకున్నామనుకున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

దయాకర్ కుర్చీలోంచి లేచాడు.

“మంచిమాట చెప్పింది మా కోడలు” అన్నాడాయన చిరునవ్వుతో. “ముందుగాల మా బావికే పోదాం పాండ్రి.”

ఇంత తేలిగ్గానా? నీరజ నమ్మలేకపోయింది. జనం వెంట నడుస్తూ మామగారి వీపు వైపే చూస్తోంది. చంద్రయ్య తోట దాటారు. అప్పుడు వినబడింది మోటారు చప్పుడు.

అది తమ మోటారే. వరి కోత అయిపోయి నాలుగు రోజులైంది. ఆ పొలంలో నీళ్లు కావాల్సిన మొక్క ఒక్కటి లేదు. కోసిన మళ్లలోకి నీళ్లు బుసబుసా పారుతున్నాయి. ఆరబెట్టిన గడ్డి తేలుతోంది. పొద్దున్నే చాయ్ తాగకుండా ఆయన పొలానికి ఎందుకొచ్చాడో నీరజకు అప్పుడు అర్థమైంది.

బావి గట్టు చుట్టూ జనం మూగారు. లోపల నీళ్లు చాలా కిందికి దిగి ఉన్నాయి. కానీ రాతి కట్టు మీద, మనిషెత్తు పైన, తడి గీత నల్లగా ఇంకా ఆరకుండా ఉంది. అందరూ చూశారు. పటేలు దయాకర్ బావి దగ్గర ఎవరు మాట్లాడతారు?

“చూసిండ్రు గద” అన్నాడు దయాకర్. “ఏయమనుండ్రి తాడు.”

తుల్సీబాయి తాడు పట్టుకుని నీరజ వైపు చూసింది. నీరజకు తన తప్పు తాను ఒప్పుకోవడం ఒక ఎత్తు. ఇంటి పెద్దమనిషిని నలుగురి ముందు దొంగను చేయడం ఇంకో ఎత్తు.

అప్పుడు ఆడవాళ్ల వెనకనుంచి ప్రేమలత ముందుకొచ్చింది. తేలుతున్న గడ్డి వైపు చూసింది.

“ఏడాది బర్ల తిండి” అంది. అంతే అంది. స్టార్టరు డబ్బా దగ్గరికి వెళ్లి ఎర్ర బొత్తాం నొక్కింది.

మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బావి లోపల రాళ్ల సందుల్లోంచి ఊట కారుతున్న చప్పుడు వినబడింది.

“ఎవలు బంద్ చెయ్యమన్నరు?” అన్నాడు దయాకర్.

“ఎవలు చెప్పలే. నేనే బంద్ చేసిన.” ప్రేమలత బావి గట్టు మీద కూర్చుని చీర సర్దుకుంది. “అందరు జర కూసుండుండ్రి. తొందరేమున్నది? మా బావి సంగతి నాకెర్క. మళ్ల నిండుతది.”

కొంగు నోటి దగ్గరికి తెచ్చింది. తెచ్చి, మళ్లీ దించింది.

“మా బావిల నీళ్లకు తక్కువ లేదు” అంది ప్రేమలత, అందరికీ వినబడేలా.

ఉమ్మేయలేదు. పక్కకు తిరగలేదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒక్కసారి అన్న మాట, మళ్లీ ఇప్పుడే ఆమె నోట వచ్చింది. చంద్రయ్య తువ్వాల పరుచుకుని ఒడ్డున కూలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు ఊరివాళ్లూ తండావాళ్లూ కూర్చున్నారు. దయాకర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

నీళ్లు నెమ్మదిగా రాయి రాయీ ఎక్కుతూ పైకొచ్చాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తడి గీతను అందుకున్నాయి.

ప్రేమలత లేచి, తుల్సీబాయి చేతిలోని తాడు అడిగి తీసుకుంది. తీసుకుని భర్త ముందు చాపింది.

“మీరే ఏయిండ్రి. మీరేం చెప్తె గదే రాస్కుంటరు.”

దయాకర్ భార్య మొహం వైపు చూశాడు. తాడు అందుకున్నాడు. గుండు నీళ్లను తాకిన చప్పుడు అందరికీ వినబడింది. ముడి ఆయన వేళ్ల మధ్యనే ఉంది. ఆయన నోరు మాత్రం తెరవలేదు.

“ఎంతొచ్చింది పటేలా?” తుల్సీబాయి అడిగింది.

నీరజ ఫోను తెరిచి పట్టుకుని, మామగారి మాట కోసం చూస్తూ నిలబడింది.